చూడని గ్రహం మీద గాలిలో ఏముందో ఎట్టా చెప్తున్నారు?

ఉలవపాడు_తోట
శనివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మాది ఉలవపాడు దగ్గర పల్లె, మామిడి తోట ఉంది. కోతల టైం కదా, పగలంతా చెట్ల కిందే సరిపోతుంది. మొన్న రాత్రి కరెంటు పోతే మిద్దె మీద చాపలేసుకుని పడుకున్నాం. మా పాప ఈ ఏడు తొమ్మిదికి వస్తుంది. 700 కాంతి సంవత్సరాల దూరంలో ఒక గ్రహం ఉందనీ, దాని గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్టు కనిపెట్టారనీ ఎక్కడో చదివిందంట. ఆ గ్రహాన్ని ఇంతవరకూ ఎవరూ ఫోటో కూడా తియ్యలేదంట. "నాన్నా, కాయ లోపల టెంక పురుగు ఉందో లేదో కొయ్యకుండా నువ్వే చెప్పలేవు గదా, కంటికే కనపడని దాని గాలిలో ఏముందో వాళ్ళెట్టా చెప్తున్నారు?" అని అడిగింది.

నాకు జవాబు రాలా. పడుకోమని కసరబుద్ధి కాలేదు. తెలిసినవాళ్ళు కాస్త అర్థమయ్యేట్టు చెప్తే రేపు రాత్రికి పాపకి చెప్తాను.


కావలి_మాష్టారు
శనివారం, రాత్రి 10:35

ముందు పాపకి నా ఆశీస్సులు. టెంక పురుగుతో పోల్చి అడిగింది చూశారా, ఆ పోలిక దగ్గరే మొదలుపెడదాం. కాయ కొయ్యకుండా లోపలిది చెప్పాలంటే కాయ గుండా వెలుతురు పోవాలి. అక్కడ జరిగేది అదే.

పాప చదివిన గ్రహం పేరు వాస్ప్-39బి. కన్యారాశి వైపు ఉంది. 2011లో దొరికింది. ఇంచుమించు మన శనిగ్రహమంత బరువు, కానీ ఉబ్బిపోయి గురుగ్రహం కంటే లావుగా ఉంటుంది. సూర్యుడికీ బుధుడికీ ఉన్న దూరంలో ఎనిమిదో వంతు దూరంలోనే తన నక్షత్రం చుట్టూ తిరుగుతుంది, అందుకే నాలుగు రోజులకొక చుట్టు పూర్తవుతుంది. దాని గాలి వేడి 900 డిగ్రీల దాకా ఉంటుంది.

2012 జూన్ 6 పొద్దున శుక్రుడు సూర్యుడికి అడ్డంగా పోయాడు. ఆ రోజు కాలేజీ మేడ మీద పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, ఫిల్టర్ బిగించిన చిన్న టెలిస్కోపులో చూపించాను. సూర్యబింబం మీద మిరియపు గింజంత నల్ల చుక్క. వేరే నక్షత్రాల దగ్గరా ఇదే జరుగుతుంది, అయితే అంత దూరం నుంచి మనకి చుక్క కనపడదు. నక్షత్రం వెలుగు కాస్త తగ్గి, రెండు మూడు గంటల తర్వాత మళ్ళీ మామూలవుతుంది. గురుగ్రహం వ్యాసం సూర్యుడి వ్యాసంలో పదో వంతు, కాబట్టి అడ్డం వస్తే వెలుగు నూటికి ఒక వంతు తగ్గుతుంది. వాస్ప్-39బి అడ్డం వచ్చినప్పుడు నూటికి రెండు వంతుల చిల్లర తగ్గుతుంది.

ఇప్పుడు గాలి సంగతి. గ్రహం గుండు నల్లగా వెలుగును ఆపేస్తుంది. దాని చుట్టూ ఉన్న గాలి మాత్రం పలచని ఉంగరంలా ఉండి, కొంత వెలుగును తన గుండా పోనిస్తుంది. తుమ్మలపెంట బీచ్‌లో తెల్లారగట్ల సూర్యుడు ఎర్రగా లేస్తాడు కదా. వెలుతురు అడ్డంగా చాలా గాలి దాటి రావడంతో నీలం దారిలోనే చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. అంటే ఏ గాలి దాటి వచ్చిందో వెలుతురు మీద గుర్తు ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్‌కి ఒక అలవాటు, 4.3 మైక్రాన్ల పరారుణ కాంతిని గట్టిగా మింగేస్తుంది. ఆ రంగులో చూస్తే ఉంగరం కూడా నల్లబడుతుంది, గ్రహం కాస్త లావుగా కనిపిస్తుంది. పక్క రంగులో చూస్తే మళ్ళీ సన్నగా ఉంటుంది. ఏ రంగులో ఎంత లావుగా ఉందో వరసగా రాసుకుంటూ పోతే అదే దాని గాలి జాతకం.

2022లో అంతరిక్షంలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోపు చేసింది ఇదే.


ఉలవపాడు_తోట
ఆదివారం, ఉదయం 6:10

మాష్టారూ, 'ఆ రంగులో గ్రహం లావుగా కనిపిస్తుంది' అన్న మాటతో నాకు తలుపు తెరుచుకుంది. పొద్దున్నే పాపకి చెప్పా. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది, ఎంత లావు అని. అంత దూరం నుంచి ఆ తేడా పట్టుకోగలరా అంటుంది.


విడవలూరు_చెరువు
ఆదివారం, ఉదయం 7:25

నేను రొయ్యలు పెంచుతా. సైన్సు పెద్దగా చదవలేదు, కానీ ఈ మాట నాకు బాగా ఎక్కింది. మేం చెరువు నీళ్ళలో అమ్మోనియా ఉందో లేదో కంటితో చూడలేం. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పోసి, మందు చుక్కలేసి, రంగు మారితే పక్కనున్న రంగుల అట్టతో పోల్చుకుంటాం. మేం నమ్మేది రంగునే. అక్కడా అంతేనన్నమాట.

పాప అడిగిన ప్రశ్నే నాదీ. అట్టలో రెండు రంగుల మధ్య తేడా పట్టడానికే మేం ఇద్దరు ముగ్గురం గొట్టాన్ని వెలుతురులో పెట్టి వాదించుకుంటాం.


నెల్లూరు_వర్ణపటం
ఆదివారం, మధ్యాహ్నం 1:15

నమస్తే అందరికీ. మాది నెల్లూరు, ఇప్పుడు బెంగళూరులో ఈ గ్రహాల వాతావరణం మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. పాప ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్తాను, కాగితం మీద వేసుకుంటే తనకీ వస్తుంది.

గాలి ఎంత ఎత్తుకు పోతే అంత పలచబడుతుంది. భూమి మీద ఎనిమిదిన్నర కిలోమీటర్లు పైకి పోతే ఒత్తిడి మూడో వంతుకు కాస్త ఎక్కువ మిగులుతుంది. వేడి ఎక్కువై, వాయువు తేలికైనదై, గురుత్వం తక్కువైతే ఈ దూరం పెరుగుతుంది. వాస్ప్-39బి మీద మూడూ కలిసొచ్చాయి. విపరీతమైన వేడి, గాలిలో ఎక్కువ భాగం హైడ్రోజన్, హీలియం, బరువు చూస్తే శనిగ్రహమంతే. అందుకే అక్కడ ఆ దూరం దాదాపు వెయ్యి కిలోమీటర్లు. వెయ్యి కిలోమీటర్ల మందం ఉన్న ఉంగరం ఆ నక్షత్రం వెలుగులో ఎంత ఆపుతుందో లెక్క వేస్తే నూటికి 0.05 కంటే కాస్త తక్కువ వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ రంగులో ఉంగరం అంతకు కొన్ని రెట్లు మందంగా నల్లబడుతుంది కాబట్టి, నూటికి 0.2 దాకా తేడా వస్తుంది. పదివేల రూపాయల కట్టలో ఇరవై రూపాయలు తగ్గడం లాంటిది.

నాకు ఈ గ్రహంలో అన్నిటికంటే ఇష్టమైన కబురు సల్ఫర్ డయాక్సైడ్. అగ్గిపుల్ల గీసినప్పుడు ముక్కుకు తగిలే ఘాటు అదే. వేడి లెక్కలు మాత్రమే చూస్తే అక్కడ అంత ఉండకూడదు. నక్షత్రం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి నీటి ఆవిరిని విడగొట్టి, ఆ ముక్కలు గంధకం ఉన్న వాయువుతో కలిసి కొత్తగా తయారైంది. మన భూమి మీద ఓజోన్ పొర కూడా ఇట్లాగే ఎండ వల్లే తయారవుతుంది. వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం గాలిలో వెలుతురు నడిపే రసాయన చర్య దొరకడం అదే మొదటిసారి.


చీమకుర్తి_రాయి
ఆదివారం, సాయంత్రం 4:40

గ్రానైట్ ఫ్యాక్టరీలో స్లాబ్‌లు చెక్ చేసే పని నాది. మా దగ్గర తీసే నల్లరాయిని గెలాక్సీ అంటారు. పాలిష్ పెట్టాక లైటు కింద వంచితే బంగారు రంగు చుక్కలు మెరుస్తాయి. వంచకపోతే ఒక్కోసారి ఏమీ కనపడవు. ఏ కోణంలో చూస్తే లోపలి ఖనిజం బయటపడుతుందో మాకు చేతికి తెలుసు.

అడగాలనుకున్నది ఏందంటే, కొన్ని గ్రహాల మీద రాళ్ళ మబ్బులు ఉంటాయని విన్నా. నిజమేనా మేడం?


నెల్లూరు_వర్ణపటం
ఆదివారం, రాత్రి 8:05

నిజమే అన్నా. వాస్ప్-17బి అని ఒకటుంది, 1,300 కాంతి సంవత్సరాల దూరం, వేడి దాదాపు 1,500 డిగ్రీలు. 2023లో వెబ్ టెలిస్కోపు దాని మబ్బుల్లో క్వార్ట్జ్ స్ఫటికాలు కనిపెట్టింది. మన సైదాపురం వైపు గనుల్లో తీసే తెల్లరాయి ఉందే, అదే ఖనిజం. అయితే అక్కడ ఉన్నవి పది నానోమీటర్ల ముక్కలు, కంటికి ఆనవు. మన దగ్గర నీటి ఆవిరి చల్లబడి మబ్బు కట్టినట్టు, అక్కడ రాతి ఆవిరి చల్లబడి మబ్బు కడుతుంది. వాస్ప్-76బి మీద ఇనుమే ఆవిరైపోతుంది. పగటి వైపు 2,400 డిగ్రీల పైన వేడి. ఆ ఇనుప ఆవిరి గాలికి రాత్రి వైపు కొట్టుకుపోయి అక్కడ వానలా కురుస్తుండొచ్చని 2020లో చెప్పారు.

ఈ గ్రహాలకు ఒక పక్కే ఎప్పుడూ పగలు, రెండో పక్క ఎప్పుడూ రాత్రి. చందమామ ఒక ముఖమే మనకి చూపించినట్టు, ఇవి నక్షత్రానికి ఒక ముఖమే చూపిస్తాయి.


కావలి_మాష్టారు
ఆదివారం, రాత్రి 9:20

ఇక్కడ గాలి చేసే పని గురించి ఒక మాట. హెచ్‌డి 189733 బి అనే గ్రహానికి 2007లో స్పిట్జర్ టెలిస్కోపుతో వేడి పటం గీశారు. గ్రహం నక్షత్రం చుట్టూ తిరిగేటప్పుడు చందమామ కళల్లాగా దాని వేడి ముఖం కొంచెం కొంచెంగా మనవైపు తిరుగుతుంది. ఆ హెచ్చుతగ్గులను ముప్పై మూడు గంటల పాటు వరసగా కొలిచారు. అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు నడినెత్తిన ఎండ పడే చోటు కాదని తేలింది. అది తూర్పుకు జరిగి ఉంది. అంటే అక్కడి గాలులు వేడిని మోసుకుపోతున్నాయి.

మనకిది కొత్త కాదు. రోహిణి కార్తెలో పడమటి గాలి తిరిగితే ఒంగోలు, నెల్లూరు కుంపటి అవుతాయి. అదే ఎండ, అదే సూర్యుడు, సాయంత్రానికి సముద్రం మీది నుంచి పైరగాలి కొడితే ప్రాణం లేచొస్తుంది. వేడి ఎక్కడ ఉండాలో ఎండ ఒక్కటే తేల్చదు. ఆ గ్రహం మీద గాలి వేగం మాత్రం గంటకు వేల కిలోమీటర్లు.


వేదాయపాళెం_పౌరుడు
సోమవారం, ఉదయం 8:30

చర్చ బాగుంది. ఎవరినీ నొప్పించాలని కాదు, మనసులో మాట అడుగుతున్నా. ఆ వెబ్ టెలిస్కోపుకి వెయ్యి కోట్ల డాలర్ల దాకా పెట్టారంటారు. మన కనిగిరి, పొదిలి వైపు ఇంకా ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోయిన మనుషులున్నారు. ఎక్కడో గ్రహం మీద నీటి ఆవిరి ఉంటే మనకేం, లేకపోతే మనకేం?


కనిగిరి_చుక్కలు
సోమవారం, ఉదయం 11:50

మాది ఆ నీళ్ళ ఊరే సార్. కనిగిరి దాటి లోపలికి పోవాలి. మా నాయనమ్మ చివరి పదేళ్ళు నడుం నిటారుగా నిలబెట్టలేకపోయింది. కాబట్టి మీరు అడిగింది నాకు తప్పుగా అనిపించలేదు.

కానీ మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో మొదటిసారి తేల్చింది ఎట్టాగో తెలుసా? ల్యాబ్‌లో నీళ్ళకి ఎర్రటి మందు కలిపి, రంగు ఎంత పాలిపోయిందో వెలుతురు పంపించి మిషన్‌తో కొలిచారు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నా. శాంపిల్ సీసా పట్టుకుని పోయింది నేనే. వెలుతురు అడ్డం పెట్టి లోపల ఏముందో చెప్పొచ్చని నాకు అక్కడే తెలిసింది, ఆకాశం మీద ఆశ అక్కడే పుట్టింది. మంచి నీళ్ళు రావాలని పంచాయతీ చుట్టూ తిరిగేదీ నేనే, రాత్రి టెలిస్కోపు బయట పెట్టేదీ నేనే. ఒకటి మానేస్తే రెండోది బాగుపడుతుందని నాకు ఎప్పుడూ అనిపించలేదు.


వేదాయపాళెం_పౌరుడు
సోమవారం, మధ్యాహ్నం 12:20

తమ్ముడూ, ఈ మాట నేను మర్చిపోను. అడిగినందుకు బాధపడటం లేదు, జవాబు దొరికింది. నీ టెలిస్కోపు సంగతి చెప్పు.


పాత_ఒంగోలు
సోమవారం, సాయంత్రం 6:45

ఆయన చెప్పేలోపు ఒక పాత సంగతి. వెలుతురులో గీతలు చూసి దూరాన ఉన్న వాయువు పేరు చెప్పే విద్యకు మన పక్క ఊరితో చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త పియరీ జాన్సెన్ దానికోసం గుంటూరు వచ్చాడు. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పోగ్సన్ ఉన్నాడు. సూర్యుడి అంచున ఎగిసే మంటల వెలుగును వర్ణపటంగా విడదీస్తే గీతలు కనబడ్డాయి. అందులో ఒక పసుపు గీత. మొదట సోడియం అనుకున్నారు. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా చూసి, అది సోడియం గీత ఉండే చోట లేదని తేల్చాడు. హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద అది దొరికింది 1895లో, విలియం రామ్సే చేతికి. ఇరవై ఏడేళ్ళ పాటు ఆ మూలకం సూర్యుడి మీద మాత్రమే తెలుసు.

మా తాత ఒంగోలులో బడిపంతులు. ఈ కథ చెప్పినప్పుడల్లా 'గుంటూరు ఎంత దూరం రా, రైలెక్కితే రెండు గంటలు' అనేవాడు.


నెల్లూరు_వర్ణపటం
సోమవారం, రాత్రి 7:30

పాత ఒంగోలు గారూ, మీ కథకి రెండో సగం నా దగ్గర ఉంది. వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం గాలిలో హీలియం 2018లో మొదటిసారి దొరికింది. వాస్ప్-107బి, 200 కాంతి సంవత్సరాల దూరం. హబుల్ టెలిస్కోపుతో చూశారు. అయితే పసుపు గీత కాదు, 1,083 నానోమీటర్ల దగ్గర పరారుణ గీత. ఆ గ్రహం గాలి అంతరిక్షంలోకి జారిపోతూ ఉంది.

సోడియం అనుకుని పొరబడిన సంగతి చెప్పారు కదా. మా రంగంలో సోడియం కథ ఇంకోటి ఉంది, ఇది అందరూ వినాలి. మొట్టమొదట ఒక బయటి గ్రహం గాలిలో ఏదైనా దొరికిందంటే అది సోడియమే. 2002లో, హెచ్‌డి 209458 బి మీద, హబుల్‌తో. డేవిడ్ షార్బనో బృందం. పాఠ్య పుస్తకాల్లోకి ఎక్కిన ఫలితం. తర్వాత పెద్ద టెలిస్కోపులతో వెలుగు రంగులను ఇంకా సన్నగా విడదీసి చూసిన వాళ్ళూ ఉందన్నారు. 2020లో మరో బృందం జాగ్రత్తగా చూసి, అలా సన్నగా విడదీసినప్పుడు కనబడ్డది గ్రహం గుర్తు కాకపోవచ్చన్నారు. నక్షత్రం తన చుట్టూ తాను తిరుగుతుంది కదా, ఒక అంచు మనవైపు వస్తూ, ఇంకో అంచు వెనక్కి పోతూ ఉంటుంది. గ్రహం ముందు ఒక అంచును, తర్వాత రెండో అంచును మూసేటప్పుడు నక్షత్రం సొంత సోడియం గీతే ఆకారం మారి, గ్రహం మీద సోడియం ఉన్నట్టు భ్రమ పెడుతుంది.

నేను పీహెచ్‌డీలో చేరిన మొదటి ఏడు ఆ పేపర్ చదివి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. దేని మీద నిలబడి ఉన్నామో అదే కదిలినట్టయింది. తర్వాత నా డేటాలో ఏ గీత కనబడినా మొదట చూసేది నక్షత్రం వైపే. మచ్చ ఉందా, తిరుగుడు ఎంత, అంచు ఎంత మసగ్గా ఉంది. ఇవన్నీ తీసేశాక కూడా మిగిలితేనే అది గ్రహానిది.


విడవలూరు_చెరువు
సోమవారం, రాత్రి 9:10

అమ్మా, మరి ఆ మధ్య ఒక గ్రహం మీద ప్రాణుల గుర్తు దొరికిందని టీవీలో ఊదరగొట్టారు. అది కూడా ఇట్టాంటిదేనా? అడగడానికి కారణం ఉంది. మా చెరువులో పగలు ఆక్సిజన్ పెరుగుతుంది, నీళ్ళలో నాచు ఎండకి తయారు చేస్తుంది. రాత్రి అదే నాచు పీల్చుకుంటుంది. తెల్లారగట్ల నాలుగింటికి మీటర్ ముంచితే అన్నిటికంటే తక్కువ చూపిస్తుంది. ఆ టైంలో ఏరియేటర్ ఆగిందంటే రొయ్యలన్నీ పైకి తేలతాయి. అందుకే వాయువు చూసి ప్రాణం సంగతి చెప్పొచ్చంటే నేను నమ్ముతా. కానీ మీటర్ కడగకుండా ముంచితే తప్పు చూపిస్తుందని కూడా తెలుసు.


నెల్లూరు_వర్ణపటం
సోమవారం, రాత్రి 10:00

బాబాయ్, మీరు చెప్పిన మీటర్ మాటే అక్కడ జరిగిన వాదం మొత్తం. కె2-18బి, 124 కాంతి సంవత్సరాల దూరం. అది గురుగ్రహం లాంటి పెద్దది కాదు, భూమికీ నెప్ట్యూన్‌కీ మధ్య పరిమాణం. 2023లో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ కనబడ్డాయి. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జిలో పనిచేసే నిక్కు మధుసూదన్ గారి బృందం డైమిథైల్ సల్ఫైడ్ గుర్తు ఉన్నట్టుందని చెప్పింది. మన దగ్గర సముద్రంలో అది ఎక్కువగా నాచు జాతి సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. కానీ అదే డేటాను వేరే బృందాలు తమ పద్ధతిలో చూసి, ఆ మాట అనడానికి బలం చాలదన్నాయి. టీవీలో మొదటి సగమే వచ్చింది.

పెద్ద గ్రహాల మీద ప్రాణి కోసం ఎవరూ వెతకరు. కానీ మీటర్ కడగడం నేర్చుకునేది వాటి మీదే. గుర్తు పెద్దగా ఉంటుంది, తప్పు చేస్తే తప్పు కూడా కనపడుతుంది. చిన్న గ్రహాల మీద గుర్తు అంతకన్నా ఎన్నో రెట్లు చిన్నది.


కావలి_మాష్టారు
మంగళవారం, ఉదయం 7:00

ఇంకో సంగతి రాయకుండా ఉండలేను. వేరే నక్షత్రాల దగ్గరి పెద్ద గ్రహాలను చూడటం వల్ల మన గురుగ్రహం అర్థమవుతుంది. 1995లో రెండు ఘటనలు. అక్టోబరులో మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ 51 పెగాసి బి ని ప్రకటించారు. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ దొరికిన మొదటి గ్రహం, నాలుగు రోజులకొక చుట్టు. 2019లో నోబెల్ వచ్చింది. అదే ఏడు డిసెంబరు 7న గెలీలియో నౌక నుంచి ఒక పరికరం గురుగ్రహం గాలిలోకి పడింది. గంట సేపు కబురు పంపి చచ్చిపోయింది. నీళ్ళు అనుకున్నంత దొరకలేదు. తీరా చూస్తే అది పొడిగా ఉన్న చోట పడిందని అర్థమైంది. సొంత పెరట్లోని గ్రహంలోకి యంత్రం వేసి కూడా నీళ్ళు ఎంతున్నాయో చెప్పలేకపోయాం. ఎందుకంటే గురుగ్రహం చల్లన, దాని నీళ్ళు కింద మబ్బుల లోతున దాక్కుంటాయి. 700 కాంతి సంవత్సరాల దూరంలోని వాస్ప్-39బి మీద నీళ్ళన్నీ ఆవిరై పైన ఉంటాయి, దాక్కునే చోటు లేదు.

ఆ ఆవిరిలో ఆక్సిజన్ ఎంత, మిగతా వాయువుల్లో కార్బన్ ఎంత అని చూస్తే ఆ గ్రహం ఎక్కడ పుట్టిందో ఊహించవచ్చు. మంచు గడ్డకట్టే దూరంలో పుట్టి లోపలికి జరిగిందా, అక్కడే పుట్టిందా అని. తోట వారికి తెలుసు, కాయ రుచి చూసి ఏ నేలదో చెప్పేవాళ్ళు ఉంటారు.


ఉలవపాడు_తోట
మంగళవారం, మధ్యాహ్నం 2:30

ఉంటారు మాష్టారూ. మా ఎర్రనేల కాయ, ఇసుకనేల కాయ పక్కపక్కన పెడితే మా మేస్త్రి కళ్ళు మూసుకుని చెప్తాడు.

పాప ఇప్పుడు ఇంకో మాట మీద ఉంది. ఆ వెలుగు తగ్గడం మన ఊళ్ళో నుంచి మనమే చూడలేమా అని.


కనిగిరి_చుక్కలు
మంగళవారం, రాత్రి 8:15

చూడొచ్చన్నా. నేను అదే ప్రయత్నంలో ఉన్నా. గాలిలో ఏముందో మన పరికరంతో తేలదు, వెలుగు తగ్గడం మాత్రం పట్టుకోవచ్చు.

నా దగ్గర ఆరు అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు, మోటారు స్టాండు, పాత కెమెరా ఉన్నాయి. గురి హెచ్‌డి 189733. అభిజిత్తు, శ్రవణం మధ్య ప్రాంతంలో, డంబెల్ నీహారిక పక్కనే ఉంటుంది. 65 కాంతి సంవత్సరాల దూరం. మామూలు కంటికి ఆనదు, బైనాక్యులర్‌కి ఆనుతుంది. గ్రహం అడ్డం వస్తే నూటికి 2.4 వంతులు వెలుగు తగ్గుతుంది, దాదాపు 1.8 గంటలు ఉంటుంది. పోయిన అక్టోబరులో కొత్తపట్నం దగ్గర మా మేనమామ వాళ్ళ మిద్దె మీద ప్రయత్నించా. అర్ధరాత్రికి అద్దం మీద మంచు నీళ్ళు కారాయి. తుడిచేలోపు మబ్బు పట్టింది. తర్వాత ఇక వానలే. అందుకే ఈసారి మా ఊళ్ళోనే, మే నెల పొడి గాలిలో, తెల్లవారుజామున పెట్టుకున్నా.

గురువారం రాత్రి దాటాక 1:50కి మొదలవుతుంది, 3:40కి అయిపోతుంది. ముందూ వెనకా మామూలు వెలుగు కూడా కావాలి, కాబట్టి 12:55 నుంచి 4:20 దాకా ఫోటోలు తియ్యాలి.


కనిగిరి_చుక్కలు
శుక్రవారం, ఉదయం 9:40

తీశా. నిద్ర లేదు, అయినా రాసేస్తున్నా.

ఫోకస్ కావాలనే చెదరగొట్టా. నక్షత్రం చుక్కలా కాకుండా చిన్న గారెలా కనపడాలి, అప్పుడు వెలుగు కెమెరాలో ఎక్కువ గళ్ళ (పిక్సెల్స్) మీద పరుచుకుని కొలత నిలకడగా వస్తుంది. నలభై సెకన్లకొక ఫోటో, మొత్తం 300 పైచిలుకు. ఒకటిన్నరకి కరెంటు పోయింది. బ్యాటరీ మీద పెట్టుకున్నా కాబట్టి ఆగలేదు, పైగా వీధి లైటు ఆరిపోయి మంచే జరిగింది. మూడింటప్పుడు పక్కింటి తాత నీళ్ళకు లేచి 'ఏందిరా ఇంకా పడుకోలా' అన్నాడు. నక్షత్రానికి గ్రహం అడ్డం వచ్చింది తాతా, చూస్తన్నా అన్నా. ఆయన వచ్చి కాసేపు నా పక్కన కూర్చున్నాడు. టెలిస్కోపులో గ్రహం కనపడదని చెప్పినా పోలేదు.

పక్కనున్న మూడు నక్షత్రాలతో పోల్చి లెక్క వేశా. ఒక్కో ఫోటోలో అటూ ఇటూ ఊగుతుంది, పది పది కలిపి సగటు తీస్తే గీత దిగడం స్పష్టంగా ఉంది. దిగింది, అడుగున నడిచింది, లేచింది. నూటికి 2.3 వచ్చింది నాకు. అంకెలన్నీ ఒక పట్టికలో పెట్టి ఉలవపాడు అన్నకి పంపించా, పాప గ్రాఫ్ కాగితం మీద వేసుకోవచ్చు.


నెల్లూరు_వర్ణపటం
శుక్రవారం, ఉదయం 10:25

అన్నా, నిజంగా చాలా సంతోషంగా ఉంది. ఈ సమయాలను ఎక్సోక్లాక్ అనే ప్రాజెక్టుకి పంపండి. యూరప్ వాళ్ళు ఏరియల్ అనే టెలిస్కోపు తయారు చేస్తున్నారు, దాదాపు వెయ్యి గ్రహాల గాలి చూడటానికే. అది ఏ గ్రహం వైపు ఎప్పుడు తిరగాలో తెలియాలంటే ప్రతి గ్రహం అడ్డం వచ్చే టైం సరిగ్గా ఉండాలి. చిన్న టెలిస్కోపుల వాళ్ళు పంపే కొలతలతోనే ఆ టైంలు సరిచేస్తున్నారు.


ఉలవపాడు_తోట
శనివారం, రాత్రి 8:55

మాష్టారూ, ఇది పాప చెప్తుంటే నేను టైపు చేస్తున్నా.

"నేను పాత గ్రాఫ్ బుక్‌లో 34 చుక్కలు పెట్టాను. పెన్సిల్‌తో కలిపితే పళ్ళెంలా వచ్చింది. కానీ అడుగు చదునుగా లేదు, మధ్యలో ఎక్కువ దిగింది, పక్కలకి గుండ్రంగా వంగింది. గ్రహం మొత్తం లోపలికి వచ్చేశాక వెలుగు ఒకేలా తగ్గాలి కదా? నేను తప్పు పెట్టానా?"


కావలి_మాష్టారు
శనివారం, రాత్రి 9:15

తప్పు పెట్టలేదు తల్లీ. నక్షత్రం బింబం అంతా ఒకే వెలుగు ఉండదు. మధ్యలో ఎక్కువ, అంచుల్లో మసక. గ్రహం అంచు మీద ఉన్నప్పుడు మసక భాగాన్ని మూస్తుంది, మధ్యకు జరిగితే ఎక్కువ వెలుగున్న భాగాన్ని మూస్తుంది. అందుకే మధ్యలో ఎక్కువ దిగుతుంది. నువ్వు చూసింది 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్రం అంచు మసకని. పైన అక్క చెప్పిన సోడియం గొడవలో లెక్కకు తేవలసినవాటిలో ఇదీ ఒకటి.


ఉలవపాడు_తోట
శనివారం, రాత్రి 9:40

"థాంక్యూ తాతయ్యా. ఇంకో లెక్క వేశాను. ఆ గ్రహం 2.2186 రోజులకొకసారి తిరుగుతుందని కనిగిరి మామ పట్టికలో రాశారు. తొమ్మిదితో గుణిస్తే 19.967. అంటే 20 రోజులకి కొంచెం తక్కువ. మిగిలిన 0.033 రోజు అంటే దాదాపు 47 నిమిషాలు. కాబట్టి మళ్ళీ ఇరవయ్యో రోజు రాత్రి 1:03కి మొదలవుతుంది. కరెక్టేనా?"


కనిగిరి_చుక్కలు
శనివారం, రాత్రి 9:52

కరెక్టే బంగారం. నా చార్టులో కూడా 1:03 ఉంది. అన్నా, అప్పటికి కోతలు తగ్గుతాయి గదా, పాపని తీసుకుని పొద్దుగూకేలోపు వచ్చేయండి. మిద్దె మీద చాపలు వేసి ఉంచుతా. దోమలకి కాయిల్ ఒక్కటి తెచ్చుకోండి, పక్కింటి తాత కూడా కూర్చుంటానన్నాడు.